ఎండను దాచుకునే గుడారం

మనాలి నుంచి లేహ్ వెళ్లే దారిలో సర్చు, పాంగ్ దగ్గర తెల్లటి గుండ్రటి డేరాలు కనిపిస్తాయి. లోపల పరుపులు, రజాయిలు, వేడివేడి టీ, మ్యాగీ. ఓసారి తలెత్తి కప్పు చూస్తే తెలుస్తుంది... అది సైన్యం వాడి పక్కన పెట్టేసిన పారాచూట్! ఆకాశంలోంచి సరుకులు దించిన గుడ్డే బాటసారులకు నీడైంది.

మంచు మొదలైతే దారి మూసేస్తారు. దాబావాళ్లు డేరాలు పీకేసుకుని కిందికి దిగిపోతారు. జవాన్లకు ఆ వీల్లేదు. 2020 జూన్‌లో మన సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్‌బాబు నేలకొరిగిన గల్వాన్ లోయ కూడా ఈ లద్దాఖ్‌లోనిదే. ఇలాంటి చోట్ల చలి కాచుకోవాలంటే కిరోసిన్‌తో మండే బుఖారీ పొయ్యే దిక్కు. ఆ కిరోసిన్ను లారీల్లో, హెలికాప్టర్లలో, చివరికి మనుషుల వీపులమీద పైకి చేర్చాలి. తీరా వెలిగించాక పొగ, మసి, నిప్పు భయం. తలుపులు బిగించుకుని పడుకుంటే విషవాయువుతో ప్రాణాలకే ముప్పు.

విచిత్రమేంటంటే, అక్కడ ఎండకు కరువు లేదు. ఏడాదిలో 300 రోజులకు పైగా కాస్తుంది. దాన్ని రాత్రికి దాచుకోవడం ఎలాగో లేహ్‌కి దగ్గర్లో, సింధు ఒడ్డునున్న ఫే గ్రామంలో చూడొచ్చు. ఇంజినీరు సోనమ్ వాంగ్‌చుక్, ఆయన మిత్రులు 1988లో ప్రారంభించిన సెక్మోల్ సంస్థ ప్రాంగణం అక్కడే ఉంది. దక్షిణం వైపు అద్దాలు, మిగతా వైపుల మందపాటి మట్టిగోడలు. ఆ గోడల్లో కూరిందేమిటో తెలుసా? చెక్కపొట్టు, చిత్తుకాగితాలు, పారేసిన ప్లాస్టిక్. రజాయిలో దూది చేసే పనే గోడలో ఆ చెత్త చేస్తుంది. మధ్యలో చిక్కుకున్న గాలి వేడిని బయటికి పోనివ్వదు.

అయితే మట్టిగోడల్ని కొండమీదికి మోసుకెళ్లలేరు కదా! అందుకే వాంగ్‌చుక్ 2021 ఫిబ్రవరిలో జవాన్ల కోసం ఒక గుడారం నమూనా తయారుచేసి చూపించారు. ముందు భాగం పగలంతా ఎండను లోపలికి రానిస్తుంది. మధ్య గోడ ఆ వేడిని పట్టి ఉంచి, రాత్రి వెనక పడకగదిలోకి వదులుతుంది. పదిమంది పడుకోవచ్చు. ఏ భాగాన్ని విడదీసినా బరువు 30 కిలోల లోపే.

అంతకు ముందురాత్రి బయట మైనస్ 14 డిగ్రీలకు పడిపోయింది. ఆయన చూపించిన రోజు రాత్రి పదింటికి గుడారంలో 15 డిగ్రీలు, చుక్క కిరోసిన్ లేకుండా. హైదరాబాద్‌లో అయితే 15కి పడితే స్వెట్టర్లు బయటికొస్తాయి. గల్వాన్‌లో అది వెచ్చని రాత్రి.