నక్కఉల్లికి నాగార్జునుని పేరు

లిల్లీ అనగానే మనకు పూలదండలోని తెల్లని మొగ్గ స్ఫురిస్తుంది. అది నేలసంపెంగ, మెక్సికో సంతతి. శాస్త్రరీత్యా లిల్లీయే కాదు. చిరకాలం లిల్లీ కుటుంబంలో లెక్కింపబడిన మొక్క మన దేవరకొండ వైపు రాళ్ళ నడుమ ఉన్నది. పేరు నక్కఉల్లిగడ్డ. సంస్కృతంలో వనపలాండువు. (అలా అంటే కాస్త మర్యాద దొరుకుతుందేమో!)

ఉద్యోగరీత్యా ఆ ప్రాంతంలో ఉన్న కాలంలో వేసవిలో దీనిని చూచేవాణ్ణి. ఆకు ఒక్కటీ లేని ఎండునేలను చీల్చుకొని ఒంటి కాడ లేస్తుంది. దాని వెంట చిన్న చిన్న పూలు. తొలకరి పడ్డాక ఆకులు వస్తాయి, అప్పటికి పూలుండవు. పువ్వూ ఆకూ ఒకదాని ముఖం ఒకటి చూడవు. గడ్డ రసం తగిలితే దురద. మోతాదు తెలిసినవానికి గుండెమందు, తెలియనివానికి విషం.

ఈ జాతిలో ఒక కొత్త మొక్కను కొప్పుల హేమాద్రి గారు సహపరిశోధకునితో కలిసి 1982లో లోకానికి తెలిపి, యుర్జీనియా నాగార్జునే అని నామకరణం చేశారు. యుర్జీనియా అన్నది అల్జీరియాలోని ఒక అరబ్బు తెగ పేరు మీద వచ్చినది. ఎక్కడి తెగ, ఎక్కడి ఆచార్య నాగార్జునుడు! ఇప్పుడు శాస్త్రజ్ఞులు దీనిని డ్రిమియాలో కలిపివేశారు.

నన్ను కలతపెట్టేది ఆ సంవత్సరమే. నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీరు వదిలారు. మునుగబోయే లోయలో 1954 నుండి 1960 వరకు త్రవ్వి, శిథిలాలను కొండపైకి చేర్చారు. ఆ శ్రమకు చేతులెత్తి మ్రొక్కవలసిందే. శిల్పాలకు పేర్లున్నాయి, శాసనాలున్నాయి. ఈ గడ్డకు మాత్రం అప్పటికి శాస్త్రంలో పేరే లేదు. పేరు లేనిదానిని ఏ జాబితాలో వ్రాస్తారు?

మణిపూర్‌లోని శిరుయి కొండ మీద తప్ప సహజంగా మరెక్కడా పెరగదని ప్రసిద్ధి పొందిన లిల్లీ ఒకటున్నది. 1946లో కింగ్‌డన్ వార్డ్ దానిని చూచాడు. శాస్త్రనామంలో అతని భార్య జీన్ మాక్లిన్ పేరు చేరింది. కాని తాంగ్‌ఖుల్ నాగాలు అంతకు పూర్వమే దానిని కషోంగ్ తిమ్రావోన్ అని పిలుచుకొనేవారు. నేడది రాష్ట్ర పుష్పం. 2017 నుండి దాని పేర ప్రభుత్వం ఉత్సవమే జరుపుతున్నది.

మనకో, అన్నీ నక్కఉల్లులే. అమ్రాబాదు, చందంపేట వైపు మిత్రులెవరైనా ఉంటే, అక్కడి చెంచు పెద్దలు ఈ గడ్డలలో రకాలను వేరువేరు పేర్లతో పిలుస్తారేమో అడిగి చూడండి. ఉచ్చారణ వారు పలికినట్టే వ్రాసి పంపండి, దయచేసి సంస్కరించవద్దు.