రాళ్ళ దారీ, బురద దారీ, నా సైకిలూ

బెల్జియం అనగానే మనవాళ్ళకి అద్దాలు, చాక్లెట్లు గుర్తొస్తాయి. అక్కడ కాపురముంటున్న నన్నడిగితే మాత్రం ముందు సైకిళ్ళ సంగతే చెబుతాను. మావారి ఉద్యోగం లూవెన్ అనే ఊళ్ళో. రాజధాని బ్రస్సెల్స్‌కి తూర్పున పాతిక కిలోమీటర్ల దూరం. 1425లో పెట్టిన విశ్వవిద్యాలయం ఉన్న పాత ఊరు. చదువుకునే పిల్లల దగ్గర్నుంచి మనవలున్న బామ్మల దాకా అందరూ సైకిలెక్కేవాళ్ళే. ముందు తొట్టిలాంటి పెట్టె ఉన్న సైకిల్లో పసివాళ్ళని కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్ళే తల్లుల్ని చూస్తే భలే ముచ్చటేస్తుంది.

నాకు మా ఊళ్ళో తొమ్మిదో తరగతిలోనే సైకిల్ ఆగిపోయింది. ఈడొచ్చిన పిల్లకి సైకిలేమిటని తమ్ముడికిచ్చేశారు. ఇది మీలో చాలామంది ఇళ్ళల్లో జరిగిందే కదా! ఇన్నేళ్ళకి, నలభై నాలుగో ఏట, నాకోసమని ఒక కొత్త సైకిల్ కొనుక్కున్నాను. దాన్ని 'సైక్లోక్రాస్' సైకిల్ అంటారు. చూడ్డానికి పందెం సైకిల్లాగే ఉంటుంది. హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంటుంది. కానీ టైర్లు కాస్త లావు, వాటిమీద బొడిపెలు. బురద ఇరుక్కోకుండా చక్రానికీ ఫ్రేముకీ మధ్య ఖాళీ ఎక్కువ. బరువు పది కిలోలు, అంటే మనం కొట్లోంచి తెచ్చుకునే చిన్న బియ్యం సంచీ అంత.

శనివారం పొద్దున్నే వంట ముగించి బయల్దేరతాను. ఊళ్ళో పాత వీధులన్నీ రాళ్ళు పరిచినవే. మామూలు సైకిలైతే జల్లెడలో పిండిలా ఒళ్ళంతా అదిరిపోతుంది. దీని టైర్లలో గాలి కొంచెం తగ్గించుకుంటే ఆ కుదుపు సగం అవే మింగేస్తాయి. ఊరు దాటాక డైల్ అనే చిన్న నది, అరెన్‌బర్గ్ కోట. కోట ఇప్పుడు విశ్వవిద్యాలయం వారిదే. ఆ పైన హెవర్లీ అడవి, దాన్నానుకుని మేర్‌డాల్ అడవి. రెండూ కలిపి దాదాపు 2000 హెక్టార్లు. అక్టోబరు, నవంబరు నెలల్లో బీచ్ చెట్ల ఆకులు చింతపండుతో తోమిన రాగి చెంబుల్లా మెరుస్తాయి. ఆ ఆకుల కింద తడిమట్టి, వేళ్ళు, అక్కడక్కడ ఇసుక. మెత్తటి మట్టిలో టైరు చేసే చప్పుడు వింటూ తొక్కుతుంటే, ఇంట్లో ఏం పని మిగిలిందో కూడా గుర్తుండదు.

ఒకచోట ఏటవాలు మరీ నిటారుగా ఉంటుంది. అక్కడ దిగిపోతాను. సైకిల్ పై గొట్టాన్ని కుడి భుజానికి తగిలించుకుని నడిచి ఎక్కేస్తాను. దిగితే ఓడిపోయినట్టు కాదు, ఈ ఆట తీరే అంత. పోటీల్లో దారికడ్డంగా 40 సెంటీమీటర్ల ఎత్తు దాకా చెక్కలు పెడతారు. పేరుమోసిన ఆటగాళ్ళు కూడా చాలాసార్లు దిగి, సైకిలెత్తుకుని, దాటి, పరిగెత్తుతూనే మళ్ళీ ఎక్కుతారు. చలికాలంలో పోటీలు జరుగుతుంటే బురదలో నిలబడి చూసే జనం మన తీర్థాన్ని తలపిస్తారు.

ఈ ఆట ఫ్రాన్స్‌లో పుట్టింది. అక్కడ తొలి జాతీయ పోటీ 1902లో జరిగింది. ప్రపంచ పోటీలు 1950లో మొదలయ్యాయి. ఆడవాళ్ళకి మాత్రం ఆ పోటీ 2000 సంవత్సరం దాకా లేదు. సరిగ్గా యాభై ఏళ్ళు! ఆ తర్వాత నెదర్లాండ్స్ అమ్మాయి మరియాన్ వోస్ 2006 నుంచి 2022 లోపు ఎనిమిదిసార్లు గెలిచింది. సైకిల్ తమ్ముడికిచ్చేయడం మన ఊళ్ళోనే కాదన్నమాట.

అడవి దాటితే 'జూటె వాటర్స్' అనే చెరువులొస్తాయి. ఆ పేరుకి అర్థం తియ్యని నీళ్ళు. మన 'మంచినీళ్ళ చెరువు' లాంటి పేరే! గట్టున కూర్చుని డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తింటాను. మొదట్లో మా అత్తయ్యగారు ఫోన్లో, "ఈ వయసులో అవసరమా అమ్మా? పడితే ఎవరు చూస్తారు?" అని కోప్పడేవారు. ఓసారి గట్టుమీద నుంచే వీడియో కాల్ చేసి చెరువు, బాతులు చూపించాను. కాసేపు మాట్లాడలేదు. ఆనక, "నేనూ పెళ్ళికి ముందు మా నాన్న సైకిల్ దొంగతనంగా తొక్కేదాన్ని" అన్నారు! పాతికేళ్ళ కాపురంలో ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు శనివారం వస్తే, "ఇవాళ ఎంతదాకా వెళ్ళావ్?" అని ఆవిడే అడుగుతున్నారు.

పిల్లల్ని చూడ్డానికి ఇటు వచ్చే తల్లులకి నాలుగు మాటలు. చున్నీ ఇంట్లో వదిలి, పొట్టి కుర్తా, బిగుతైన ప్యాంటు వేసుకోండి. హెల్మెట్ మానకండి. అడవిలో అన్ని బాటల్లోకీ సైకిళ్ళని రానివ్వరు, బోర్డులు చూసుకుని వెళ్ళండి. రోడ్ల కూడళ్ళ దగ్గర అంకెల పలకలుంటాయి. వెళ్ళాల్సిన అంకెలు వరసగా చీటీ మీద రాసుకుంటే దారి తప్పరు. ఇంటికొచ్చాక బురద ఆరకముందే బకెట్ నీళ్ళు, పాత బ్రష్‌తో కడిగి, చైన్ తుడిచి రెండు చుక్కలు నూనె వెయ్యండి. కొననక్కర్లేదు, లూవెన్ స్టేషన్ దగ్గర సైకిళ్ళు అద్దెకి దొరుకుతాయి. మోకాళ్ళ నొప్పులుంటే ముందు డాక్టర్నడిగి, నది పక్క చదును దారితో మొదలుపెట్టండి.