అగుస్టె ఉన్న చోటు

ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగిన మూడో రోజు పొద్దున్నే మా అమ్మాయిని అడిగాను, "ఇక్కడ పాత పిచ్చాసుపత్రి ఎక్కడుండేదే?" అని. అది కాఫీ కప్పు కింద పెట్టి నా మొహంలోకి చూసింది.

"ఎవరికి నాన్నా?"

ఎవరికీ కాదు, నూట పాతికేళ్ల నాడు అందులో ఉన్న ఒకావిడ కోసం అన్నాను. ఊరు చూపిద్దామని పెట్టిన సెలవు అలా తేలిందేమిటా అని దాని బాధ. కాదనలేదు గానీ, "చలి నాలుగు డిగ్రీలు, మంకీ క్యాప్ పెట్టుకో" అంది.

ఆవిడ పేరు అగుస్టె డెటర్. ఆల్జైమర్స్ జబ్బు ఉన్నట్టు మొట్టమొదట గుర్తించిన రోగి. రెండేళ్ల కిందట పోయిన మా అమ్మకి ఉన్నదీ అదే జబ్బు. గుంటూరు జిల్లాలో మా ఇంట్లో ఆరేళ్లు దానితో కాపురం చేశాం. అమ్మకి ముందు వస్తువుల పేర్లు పోయాయి. పోయినవాటికి కొత్తవి తనే కట్టేది. ఫ్రిజ్ చల్లబీరువా అయింది. గొడుగు వానటోపీ. సెల్‌ఫోన్ జేబురేడియో. ఇంట్లో అందరికీ ఆ మాటలే అలవాటైపోయాయి. నేను మాత్రం కొడుకుని కాకుండా పోయి వాళ్ల పెద్దన్నయ్యనయ్యాను.

డాక్టరు రాసింది డోనెపెజిల్. మొదట 5 మిల్లీగ్రాములు, తర్వాత 10. ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినవాణ్ని, మాత్ర ఏం చేస్తుందో తెలుసుకోకుండా ఊరుకోలేకపోయాను. అది మెదడులో ఒక ఎంజైమ్‌ని ఆపుతుంది. ఆ ఎంజైమ్ గురించి చదువుతూ పోతే అన్ని దారులూ ఈ ఊరికే వచ్చాయి.

హోల్జ్‌హాజెన్‌స్ట్రాస స్టేషన్‌లో మెట్రో దిగి పడమరకి నడిచాం. ఆసుపత్రి ఉన్న చోటుని అఫెన్‌స్టైన్ అనేవారు. మామూలు జర్మన్‌లో అర్థం తీస్తే కోతిరాయి. అసలది ఆవే మరియా ప్రార్థనరాయి అనీ, జనం నోట్లో పడి కోతిరాయి అయిందనీ అంటారు. మంకీ క్యాప్ పెట్టుకుని కోతిరాయి దగ్గరికి పోతున్నందుకు మా అమ్మాయి ఒకటే నవ్వు.

అక్కడ ఆసుపత్రి ఆనవాలు లేదు. దాని చోట విల్లులా వంగిన ఒక పెద్ద రాతి భవనం ఉంది, ఆరు రెక్కలతో. గోథె విశ్వవిద్యాలయం ఇప్పుడు అందులో నడుస్తోంది. 1864లో ఇక్కడ ఆసుపత్రి తెరిపించిన డాక్టరు హైన్రిష్ హాఫ్‌మన్, జర్మన్ పిల్లలందరికీ తెలిసిన 'స్ట్రువెల్‌పేటర్' బొమ్మల పుస్తకం రాసినాయనే. కట్టడం దర్జాగా ఉండేసరికి ఊరివాళ్లు దాన్ని పిచ్చోళ్ల కోట అన్నారు. తమాషా ఏమిటంటే, జబ్బుకి తన పేరు వచ్చిన డాక్టరు ఆలోయిస్ ఆల్జైమర్ పుట్టిందీ ఆ సంవత్సరమే.

1901 నవంబర్ 25న ఒక రైల్వే గుమాస్తా తన భార్యని ఇక్కడ చేర్పించాడు. ఆవిడకి అప్పుడు 51 ఏళ్లు. జబ్బు మొగుడి మీద అనుమానంతో మొదలైంది. మా ఇంట్లో పనిమనిషి మీద అనుమానంతో మొదలైంది. ఆల్జైమర్ ఆవిడ ఎదుట కూర్చుని పేరు అడిగాడు, అగుస్టె అంది. ఇంటిపేరు అడిగితే అగుస్టె. భర్త పేరు అడిగినా అగుస్టె అనే అనుకుంటా అంది. భోజనంలో కాలీఫ్లవర్ తింటూ, ఏం తింటున్నావంటే పాలకూర అంది. ఇవన్నీ ఆయన ఓపిగ్గా రాసుకున్నాడు. డాక్టర్ల దగ్గర కూర్చున్న ఆరేళ్లలో మా అమ్మ మాట ఒక్కటి కూడా ఎవరూ అలా రాసుకోవడం నేను చూడలేదు. వాళ్లననీ లాభం లేదు, బయట వరండా నిండా మనుషులు.

ఆవిడ 1906 ఏప్రిల్ 8న పోయింది. అప్పటికి ఆల్జైమర్ మ్యూనిక్‌లో ఉన్నాడు. మెదడుని అక్కడికి పంపారు. వెండి లవణంతో రంగు పట్టించి సూక్ష్మదర్శిని కింద పెడితే కణాల మధ్య మచ్చలు, కణాల లోపల చిక్కుపడ్డ పోగులు కనిపించాయి. ఆ నవంబర్ 3న ట్యూబింగెన్‌లో డాక్టర్ల సభలో చెప్పాడు. ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదట. మొద్దు క్లాసుకి పాఠం చెప్పి బయటికొచ్చిన ఏ మేష్టారికైనా ఆ మౌనం తెలుసు. ఆవిడ కేసు కాగితాలు కూడా కనపడకుండా పోయి 1995లో ఈ ఊళ్లోనే మళ్లీ దొరికాయి.

గడ్డి మైదానం పక్కన బెంచీ మీద కూర్చున్నాం. "ఆ మచ్చలు ఎందుకొస్తాయి నాన్నా?" అంది. ఎన్నాళ్లకో నాకొక విద్యార్థి దొరికింది.

నరాల కణం పొరలో గుచ్చుకుని ఒక పొడవాటి ప్రోటీన్ ఉంటుంది. దాన్ని కత్తిరించే ఎంజైమ్‌లు మూడు రకాలు. మచ్చలు కట్టే ముక్కని ఆల్ఫా కత్తెర నడిమికే కోసేస్తుంది, చిక్కులేదు. బీటా కత్తెర దాని ఒక చివర, గామా కత్తెర ఇంకో చివర కోస్తే ఆ ముక్క మొత్తం ఊడి వస్తుంది. ఆ ముక్కలు జిగురుగా ఒకదానికొకటి అంటుకుని మచ్చలు కడతాయి. బీటా కత్తెర ఏదో 1999లో పట్టుకున్నారు.

"అయితే ఆ కత్తెర పడేస్తే పోలా?"

పెద్ద పెద్ద కంపెనీలూ అదే అనుకున్నాయి. గామా కత్తెరని పట్టి ఆపే సెమగసెస్టాట్ అనే మందుని 2010లో పరీక్షల మధ్యలోనే ఆపేశారు. మందు వేసుకున్నవాళ్ల తెలివి, వేసుకోనివాళ్ల కంటే ఎక్కువ తగ్గింది. తర్వాత బీటా కత్తెర మందులూ ఒకటి వెనక ఒకటి అదే దారి పట్టాయి. ఆ కత్తెరలకి ఈ ఒక్క ప్రోటీనే కాదు, ఒంట్లో ఇంకా చాలా పని ఉంది. దర్జీ కత్తెర దాచేస్తే గుడ్డ పాడవకుండా ఉంటుంది గానీ చొక్కాలూ ఆగిపోతాయి. పత్రికల్లో 'మతిమరుపు ఎంజైమ్ దొరికింది' అని హెడ్డింగు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది ఇందుకే. అది దొంగ కాదు, పనివాడు.

అమ్మ మాత్ర ఆపేది ఈ కత్తెరల్ని కాదు. ఆ సంగతి తెలియాలంటే ఎదురుగా ఉన్న భవనం సంగతి చెప్పాలి.

1930 ప్రాంతంలో ఆసుపత్రి స్థలంలో దీన్ని కట్టింది ఐజీ ఫార్బెన్. ఆ రోజుల్లో యూరప్‌లోకెల్లా పెద్ద రసాయనాల కంపెనీ, ఇది దాని ముఖ్య కార్యాలయం. భవనం ముందు చెట్ల కింద నిలువెత్తు పలకల మీద మనుషుల ఫొటోలున్నాయి. ఆష్విట్జ్ పక్కన ఈ కంపెనీ కర్మాగారం కోసం బానిసలుగా పనిచేయించిన యూదులు వాళ్లు. అంతకు ముందటి మామూలు రోజుల్లో దిగిన ఫొటోలు. పక్కన చిన్న గది గోడ మీద 107984 అని ఒకే ఒక సంఖ్య. నార్బర్ట్ వోల్‌హైమ్ అనే ఖైదీ నంబరు. యుద్ధం తర్వాత ఈ కంపెనీ మీద దావా వేసినవాడు ఆయనే. మా అమ్మాయి అక్కడ చాలాసేపు నిలబడింది.

ఇదే కంపెనీకి చెందిన లెవర్‌కూజెన్ ప్రయోగశాలలో 1936లో గెర్‌హార్డ్ ష్రేడర్ అనే రసాయనవేత్త పురుగుమందు కోసం వెతుకుతూ టాబున్ తయారుచేశాడు. కొంచెం తగిలేసరికే ఆయనకీ సహాయకుడికీ కంటిపాపలు చుక్కలై, ఊపిరాడలేదు. మిలిటరీవాళ్లు సంతోషంగా తీసుకున్నారు. రెండేళ్లకి సారిన్ వచ్చింది.

చుక్కల్లాంటి కంటిపాపలు నేనూ చూశాను. 1987, మా ఊరి పత్తి మీద తెల్లదోమ, పచ్చపురుగు విరుచుకుపడ్డ ఏడు. అందరూ మోనో, అంటే మోనోక్రోటోఫాస్ పురుగుమందు, కొట్టేవాళ్లు, రోజు మార్చి రోజు. మా పక్కచేను ఆయనకి మందు సోకి నోట్లోంచి నురగ వస్తుంటే ట్రాక్టరు మీద గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. డ్యూటీ డాక్టరు రెప్ప ఎత్తి టార్చి వేసి ఒక్క క్షణంలో తేల్చేశాడు. రాత్రంతా అట్రోపిన్ ఇంజెక్షన్లు. బతికాడు.

టాబున్, మోనో, అమ్మ మాత్ర, మూడూ పట్టుకునేది ఒకే ఎంజైమ్‌ని. పేరు ఎసిటైల్‌కోలినెస్టరేజ్. కొన్ని నరాలు కబురు పంపేది ఎసిటైల్‌కోలిన్‌తో. కబురు అందగానే దాన్ని విరిచి చోటు ఖాళీ చేయడం ఈ ఎంజైమ్ పని. ఆల్జైమర్స్ మెదడులో ఆ కబురు తయారీయే పడిపోతుందని 1976లో ఎడిన్‌బరోలో కనిపెట్టారు. ఉన్న కాస్తనీ విరిచేయకుండా కాస్త ఆపితే నయమన్నది మాత్ర వెనక లెక్క.

"అంటే నానమ్మకి ఇచ్చింది విషమేనా?"

"విషం పట్టిన పట్టు విడవదమ్మా. మాత్ర పట్టుకుని వదిలేస్తుంది. తేడా అంతే." చెబుతుంటే నాకే ఆ తేడా సన్నగా అనిపించింది. ఆ మాత్ర మొదలయ్యాక అమ్మ కొన్ని నెలలు కూరలో ఉప్పు రెండుసార్లు వేయడం మానింది. ఆ పైన మళ్లీ మామూలే.

ఈ ఎసిటైల్‌కోలిన్‌ని కప్ప గుండె మీద మొదట రుజువు చేసిన ఒటో లోవి పుట్టింది కూడా ఈ ఊళ్లోనే. అప్పటికి ఆయన ఆస్ట్రియాలో గ్రాట్జ్‌లో ఉన్నాడు. ప్రయోగం ఎలా చేయాలో కలలో తట్టిందట. లేచి కాగితం మీద గీకి పడుకున్నాడు. తెల్లారి చూస్తే తన రాత తనకే అర్థం కాలేదు, కలా గుర్తు లేదు. మర్నాటి రాత్రి మళ్లీ అదే కల. ఈసారి మూడింటికే లేచి ప్రయోగశాలకి పరిగెత్తాడు. 1936లో నోబెల్ వచ్చింది, టాబున్ పుట్టిన ఏడే. రెండేళ్లకి నాజీలు యూదుడని ఆయన్ని జైల్లో పెట్టి, ఆ డబ్బు కూడా రాయించుకుని దేశం దాటించారు.

భవనం లోపల పాటర్‌నోస్టర్ అనే లిఫ్టు ఉంది. తలుపులుండవు, ఆగదు. జపమాల పూసల్లా పెట్టెలు ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి తిరుగుతూనే ఉంటాయి. సమయం చూసి అడుగు వేయాలి. పిల్లలు పుస్తకాలు చదువుతూ ఎక్కుతున్నారు. నేను మూడు పెట్టెలు వదిలేసి నాలుగోదానికి, మా అమ్మాయి చెయ్యి పట్టుకుని ఎక్కాను.

మధ్యాహ్నం ఊరి పెద్ద శ్మశానానికి నడిచాం. హోల్జ్‌హాజెన్ పార్కు దాటాక మా అమ్మాయి ఉన్నట్టుండి ఆగింది. "మనకీ వస్తుందా నాన్నా?" ఈ ప్రశ్న అడగడానికే పొద్దుణ్నించీ నాతో తిరుగుతోందని అప్పుడు తెలిసింది.

నలభై, యాభైల్లోనే వచ్చే వంశపారంపర్య రకం వేరే ఉంది. గామా కత్తెరలో ఒక భాగమైన ప్రెసెనిలిన్ జన్యువులో లోపం వల్ల వచ్చేది అందులో ముఖ్యం. అగుస్టెది అదేనని కొన్నేళ్ల కిందట ఆవిడ పాత మెదడు ముక్కల్లోంచి డీఎన్ఏ తీసి ఒక బృందం ప్రకటించింది. మరో బృందం వెతికితే కనపడలేదు. అమ్మకి 78వ ఏట మొదలైంది, అది ఆ రకం కాదు. రాదని మాటివ్వలేను గానీ రాసిపెట్టి లేదు అన్నాను. అది తల ఊపి కండువా సరిచేసుకుంది.

ఆల్జైమర్ సమాధి దగ్గర ఆయన పేరు, భార్య సెసిలీ పేరు. ఆవిడ 1901లో పోయింది, అగుస్టె ఆసుపత్రికి వచ్చిన సంవత్సరమే. ఆయన 1915లో బ్రెస్లౌలో పోతే ఆవిడ పక్కకి తెచ్చారు. ఆ బ్రెస్లౌ దగ్గరి డైహెర్న్‌ఫర్ట్‌లోనే తర్వాత టాబున్ ఫ్యాక్టరీ పెట్టారు. ఇది మా అమ్మాయికి చెప్పలేదు, ఆ రోజుకి చాలనిపించింది.

చెట్ల మొదళ్ల దగ్గర తడి ఆకుల్లోంచి తెల్లటి చిన్న పూలు గుంపులుగా వచ్చి ఉన్నాయి, అన్నీ తలలు వంచుకుని. వంగి చూశాను. ఇంగ్లీషులో స్నోడ్రాప్ అంటారు. గెలాంటమిన్ అనే మందుని మొదట తీసింది ఈ జాతి మొక్క నుంచే, అదీ ఆ ఎంజైమ్‌ని ఆపేదే, ఆల్జైమర్స్‌కి ఇస్తారు.

"తెలుగులో ఏమంటారు?"

"మన దగ్గర పూయదుగా, పేరు లేదు."

"నానమ్మైతే ఏమనేది?"

నేను ఆలోచిస్తూనే ఉన్నాను. అది ఫోను తీసి ఫొటో తీసుకుంటూ, "చలిమల్లె" అంది.