పొగమంచుకు ఒక కన్ను

పెద్ద ఓడల మీద రాడారు ఎక్కడుండాలన్నది ప్రశ్నే కాదు. ఎత్తైన చోటు చూసి పెడతారు, అంతే. ముప్పై అడుగుల తెరచాప పడవకు మాత్రం అదొక ధర్మసందేహం. అమెరికా ఈశాన్యపు కొసన, మెయిన్ రాష్ట్రపు పెనోబ్‌స్కాట్ అఖాతంలో మా బావా నేనూ కలిసి ఉంచుకున్న పడవ విషయంలో ఈ సందేహం ఒక శీతకాలమంతా నడిచింది.

ఆ తీరపు పొగమంచు గురించి నాలుగు మాటలు చెప్పాలి. వేసవిలో దక్షిణపు వెచ్చని తేమగాలి వచ్చి అక్కడి చల్లని నీటిని తాకుతుంది. పది నిమిషాల క్రితం లెక్కపెట్టిన దీవులు ఒక్కటీ కనబడవు. మిగిలేవి ఎండ్రరొయ్యల బుట్టలకు కట్టిన రంగురంగుల బెండ్లు, ఎక్కడినుంచో ఒక ఇంజను చప్పుడు. రాక్లండ్ నుంచి వైనల్‌హేవెన్ దీవికి పోయే ఫెర్రీ ఆ మంచులోనూ తిరుగుతుంది. రొయ్యల పడవలవాళ్ళూ ఆగరు. తమ ఉనికిని తామే ప్రకటించుకొనే ఏఐఎస్ యంత్రం అమెరికాలో ప్రధానంగా 65 అడుగులూ, అంతకు మించిన వ్యాపార నౌకలకు విధి. రొయ్యల పడవలు అంతకంటే చిన్నవి. కనుక ఆ యంత్రాన్ని నమ్ముకుంటే చాలదు. "మంచులో ఎదురుగా ఏమున్నదో చెప్పగలిగిన రోజున పిల్లలను ఎక్కిస్తాను" అని మా అక్కయ్య తేల్చి చెప్పింది. రాడారు కొనడం అలా ఖాయమైంది, మిగిలింది చోటే.

బావ పక్షం తెరచాప స్తంభం. "ఎత్తున ఉంటే దూరం కనబడుతుందోయ్, ఇందులో ఆలోచించేదేముంది?" అన్నారు. నాది పడవ వెనుక అంచున నిలబెట్టే ప్రత్యేకమైన గొట్టపు స్తంభం.

దూరం సంగతి లెక్క వేసి చూద్దామన్నాను. యాంటెన్నా ఎత్తు ఎన్ని మీటర్లో దాని వర్గమూలాన్ని 2.2తో గుణిస్తే రాడారు దిగంతం నాటికల్ మైళ్ళలో వస్తుంది. నీటికి 7 మీటర్ల ఎత్తున 5.8 మైళ్ళు, 3.5 మీటర్ల ఎత్తున 4.1. ఎదుటి వస్తువుకూ ఎత్తుంటుంది గనుక దాని దిగంతాన్ని కూడా కలపాలి. 9 మీటర్ల ఎత్తున్న ఓడ అయితే 12.4 మైళ్ళు ఒకచోట, 10.7 మరొకచోట. ఎత్తు రెట్టింపు చేసి సంపాదించినది రెండు మైళ్ళయినా లేదు! మమ్మల్ని భయపెట్టేది పన్నెండు మైళ్ళ అవతలి ఓడ కానే కాదు. అయిదు నాట్ల వేగంతో మేమూ, ఇరవై నాట్లతో ఎదురుగా ఇంకొక పడవా వస్తుంటే నడుమ ఉన్న రెండు మైళ్ళూ అయిదు నిమిషాలు తిరగకముందే కరిగిపోతాయి. ఆ రెండు మైళ్ళే మా ప్రపంచం. అక్కడ ఎత్తు కాస్త చెరుపే చేస్తుంది: అలల నుంచి వచ్చే పిచ్చి ప్రతిధ్వనులు పెరుగుతాయి, పడవ చుట్టూ కిరణం తాకని వలయం పెద్దదవుతుంది. నిలువున 25 డిగ్రీల కిరణానికి ఆ వలయం 7 మీటర్ల ఎత్తు నుంచి సుమారు 32 మీటర్లు, సగం ఎత్తు నుంచి 16.

బరువు మరొకటి. ఎనిమిది కిలోల గుమ్మటం చేతిలో తేలికే. ఏడు మీటర్ల పైన అది పడవను ఒరగదోసే చెయ్యి. పైగా ముందు తెరచాప మళ్ళించిన ప్రతిసారీ దానికి రాసుకుంటుంది. ఏటా చలికాలానికి స్తంభం దింపేటప్పుడు తీగ విప్పాలి, వసంతంలో మళ్ళీ కలపాలి. చెడితే తాళ్ళ కుర్చీలో ఒకరిని పైకి లాగాలి. ఆ ఒకరు ఎవరో మా ఇద్దరిలో పొట్ట ఎవరికి తక్కువో చూస్తే తెలిసిపోతుంది.

బావ మాత్రం ఊరుకునే మనిషా? "మరి నీ గొట్టానికి బరువు లేదూ? ఎదురుగా తెరచాప స్తంభం అడ్డం రాదూ? ఆ కిరణాలు మన తలలకు తగలవూ?" అని మూడు బాణాలు వేశారు. మొదటిది నిజమే, గొట్టమూ దాని ఊతలూ కలిసి గుమ్మటమంత తూగుతాయి, కాకపోతే కిందుగా. రెండవదానికి జవాబుంది. స్తంభం వెడల్పు పదిహేను సెంటీమీటర్లు, గుమ్మటంలోని యాంటెన్నా దానికి దాదాపు మూడింతలు, నడుమ అయిదారు మీటర్ల ఎడం. నీడ పడినా పలచనే. స్తంభానికే బిగిస్తే ఆ అడ్డు యాంటెన్నాను ఆనుకొని ఉంటుంది, వెనుకనుంచి వచ్చేవాళ్ళ మీదికి. మూడవది తీసిపారేయరాని మాట. అందుకే నిలుచున్న మనిషి తలకు పైగా ఉండేలా గొట్టాన్ని పొడిగించి, మాగ్నెట్రాన్ లేని కొత్త రకం రాడారు చూశాము. అది ఒక్కసారిగా వెదజల్లే శక్తి పాతవాటి కంటే ఎంతో తక్కువ.

వాదం నిజంగా తేలినది ఒరుగుడు దగ్గర. పడవ ఇరవై డిగ్రీలు ఒరిగితే గాలి వచ్చే వైపు కిరణం ఆకాశాన్ని చూస్తుంది, రెండో వైపు నీళ్ళలో మునుగుతుంది. మంచు పట్టినరోజు గాలి ఉండదుగా అన్నారు బావ. చాలా రోజులకు అది నిజం. కాని ఆ తీరాన నైరుతి గాలి మంచును మోసుకొని వీచే రోజులూ ఉన్నాయని అక్కడి జాలర్లందరికీ తెలుసు. వెనుక గొట్టం మీదయితే గుమ్మటాన్ని ఒక కీలు మీద ఉంచి, కూర్చున్న చోటినుంచే తాడు లాగి సమం చేసుకోవచ్చు. అది విని బావ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత టేపు తీసుకొని పడవ వెనక్కి నడిచారు.

1956 జులైలో నాన్‌టకెట్ దగ్గర ఆండ్రియా డోరియా, స్టాక్‌హోమ్ ఓడలు ఢీకొన్నాయి. యాభై ఒక్క మంది పోయారు. రెండింటి మీదా రాడార్లు పనిచేస్తూనే ఉన్నాయి, ఒకదానినొకటి తెర మీద చూసుకుంటూనే వచ్చాయి. ఈ మాట అక్కయ్యకు చెప్పవద్దన్నారు బావ. నేను చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, తెర చూసేవారు ఒకరూ, ముందు నిలబడి చెవులు రిక్కించేవారు ఒకరూ ఉండాలనీ, ఆ రెండవ పని పిల్లలది కాదనీ షరతు పెట్టింది.

గొట్టం కుడివైపు మూలకు బిగించాము. తీగ లోపలికి దిగేచోట వాననీరు జారి పోయేట్టు ఒక వంపు వదిలాము. ఊతల మీద తడి తువ్వాళ్ళు ఆరవేయవచ్చని మా మేనకోడలు మొదటిరోజే కనిపెట్టింది.