తప్పు పాలకూరదేనా?

మా ఆళ్ళగడ్డ రాతి శిల్పాలకు పేరున్న ఊరు. మా వారిదీ ఉలి పట్టే పనే. రోజంతా రాళ్ళతో గడిపే మనిషి ఒంట్లోనే రాయి పుడుతుందని ఎవరనుకుంటారు చెప్పండి? పోయిన ఎండాకాలం ఓ అర్ధరాత్రి నడుం పట్టుకుని మెలికలు తిరిగిపోతుంటే నంద్యాల పరుగెత్తాం. కిడ్నీలో రాయన్నారు. అది పడిపోయాక పరీక్ష చేయిస్తే కాల్షియం ఆక్సలేట్ అని తేలింది.

"నీ పాలకూర పప్పే నా కొడుకు ప్రాణం మీదికి తెచ్చింది" అంది మా అత్తయ్య. నాకు కన్నీళ్ళు ఆగలేదు. ఆ రోజు నుంచీ ఇంట్లో ఆకుకూర బంద్. కాల్షియం రాయి గదా అని పాలు, పెరుగు కూడా మాన్పించాను.

నెల తర్వాత డాక్టరు గారు పెద్ద డబ్బా ఇచ్చి 24 గంటల మూత్రం పట్టి తెమ్మన్నారు. పొద్దున మొదటిసారిది వదిలేసి, మర్నాడు పొద్దున మొదటిసారిది దాకా చుక్క పోకుండా పట్టాలట. ఆ డబ్బా సంచిలో పెట్టుకుని బస్సెక్కితే నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఆక్సలేట్ 36 మిల్లీగ్రాములు వచ్చింది. సుమారు 40 దాకా మామూలేనట. "ఆకుకూర ముట్టలేదు, మరి ఇదంతా ఎక్కడిదండీ?" అన్నాను.

"మన లివరే తయారు చేస్తుందమ్మా. అమెరికాలో 2001లో వచ్చిన పరిశోధనలో, తిండిని బట్టి మూత్రంలోని ఆక్సలేట్‌లో పాతిక నుంచి నలభై శాతం దాకానే భోజనం నుంచి వచ్చిందని తేలింది. మిగతాది ఒళ్ళు చేసుకున్నదే. దాన్ని కచ్చితంగా కొలవాలంటే గుర్తు పెట్టిన కార్బన్ ఉన్న ఆక్సలేట్‌ను నరంలోకి ఎక్కించి, ఒంట్లోని దానితో కలిసి ఎంత పలచబడిందో చూస్తారు. అది పరిశోధనశాలల పని. మీకు అసలు చిక్కు వేరే ఉంది. మూత్రం లీటరు కూడా లేదు. రెండున్నర లీటర్లుండాలి. పైగా పెరుగు మాన్పించి తప్పు చేశారు. అన్నంతో తిన్న పెరుగులోని కాల్షియం, ఆక్సలేట్‌ను పేగుల్లోనే పట్టేస్తుంది" అన్నారు.

నా గుండెల మీది బండ దిగింది. కానీ ప్రేమతో చేసిన పనే చేటయిందే అని దిగులూ వేసింది.

పాలకూరలో ఆక్సలేట్ ఎక్కువన్నది నిజమే. అందుకే ఇప్పుడు ఎప్పుడో ఓసారి కొంచెం వండి, పెరుగన్నంతో పెడుతున్నాను. ఎండలో ఉలి పట్టే కొడుక్కి గంటగంటకూ నీళ్ళ చెంబు అందించే పని మా అత్తయ్య తీసుకుంది.

అక్కయ్యలూ, మీ ఇంట్లోనూ ఇలాంటి నింద పడితే, ముందు నీళ్ళ బిందె వైపు చూడండి!