నూనె తాగే లారీ

పొగ నీలంగా వస్తే ఇంజిన్ విప్పాల్సిందేనా? జగిత్యాల మామిడి మార్కెట్ నుంచి సిరిసిల్ల సాంచెల దాకా ఓ పాత లారీ వెంట వెళ్తే అసలు సంగతి తెలుస్తుంది!

మార్చి చివరి వారం. తెల్లవారుజాము అయిదు గంటలు. జగిత్యాల శివారులోని చల్‌గల్ మామిడి మార్కెట్ ఇంకా పూర్తిగా నిద్ర లేవలేదు. మరో పదిహేను రోజులైతే ఇక్కడ కాలు పెట్టే సందుండదు. తోటల నుంచి కాయ దిగుతుంది. పెట్టెలు కట్టి నాగపూర్‌కు, ఢిల్లీకి పంపుతారు. అప్పుడు లారీ ఉన్నవాడే రాజు!

కానీ గేటు పక్కన ఆగిన ఆ ఆరు టైర్ల టాటా లారీ ఓనరు ముఖంలో రాజసం లేదు. యజమానీ తనే, డ్రైవరూ తనే. ఎనిమిదేళ్లు గల్ఫ్‌లో ట్రైలర్ నడిపి, కూడబెట్టిన డబ్బుకు ఫైనాన్స్ కలిపి ఈ పాత బండి కొన్నాడు. నంబరు ప్లేటు మీద ఇప్పటికీ 'ఏపీ 15' అనే ఉంది. అంటే పాత కరీంనగర్ జిల్లా నాటి బండి. 2016 అక్టోబరు 11న జగిత్యాల ఒక జిల్లా అయింది. సిరిసిల్ల ఇంకో జిల్లా అయింది. లారీకి మాత్రం ఆ హద్దులు పట్టవు.

క్లీనర్ కుర్రాడు గేజి పుల్ల తీశాడు. గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీశాడు.

"మళ్ల తగ్గిందన్నా..."

ఓనరు మాట్లాడకుండా సీటు వెనక నుంచి నూనె డబ్బా తీశాడు. అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది. వెయ్యి కిలోమీటర్లు తిరిగేసరికి డబ్బా ఖాళీ. అయిదు లీటర్లు!

ఒకాయన "ఇంజిన్ బోరుకొచ్చింది, హాఫ్ ఇంజిన్ చెయ్యాలె" అన్నాడు. అంటే లైనర్లు, పిస్టన్లు, రింగులు అన్నీ మార్చడమే. ఇంకొకాయన "చిక్కటి నూనె పొయ్యి, సీజన్ ఎల్తది" అన్నాడు. మూడో ఆయన సలహా మరీ సులువు... "అమ్మెయ్!" ఇంజిన్ విప్పితే బండి షెడ్డులో ఉంటుంది, సీజన్ పోతుంది. విప్పకపోతే నాగపూర్ దారిలో ఎక్కడ ఆగుతుందో తెలియదు. ఫైనాన్స్ కిస్తీ మాత్రం రెండింటి కోసమూ ఆగదు.

డబ్బా లెక్క... డీజిల్ లెక్క

అసలు ఇంజిన్ ఎంత నూనె తాగితే మామూలు? అసలు తాగని ఇంజిన్ ఉండదు. పిస్టన్ పైకీ కిందికీ కదిలినప్పుడల్లా లైనరు గోడ మీద పలుచని నూనె పొర ఉండాల్సిందే. అందులో కొంచెం కాలిపోతుంది. మంచి స్థితిలో ఉన్న డీజిల్ ఇంజిన్ 100 లీటర్ల డీజిల్‌కు సుమారు పావు లీటరు లోపు నూనె కాలిస్తే బెంగ లేదని పనివాళ్ల లెక్క. అర లీటరు దాటిందంటే ఆలోచించాలి. లీటరుకు 4 కిలోమీటర్లు ఇచ్చే లారీకి వెయ్యి కిలోమీటర్లకు 250 లీటర్ల డీజిల్ కావాలి. ఆ లెక్కన నూనె అర లీటరుకు కాస్త ఎక్కువ పట్టాలి. ఈ బండి దానికి ఎనిమిది రెట్లు తాగుతోంది.

అయినా చాలామంది డబ్బాతోనే ఎందుకు నెట్టుకొస్తారు? దానికీ ఓ లెక్క ఉంది. నెలకు 3 వేల కిలోమీటర్లు తిరిగితే ఈ బండికి 15 లీటర్ల నూనె. ఇందులో మామూలుగా పోయేది రెండు లీటర్లు తీసేస్తే, అదనం 13. లీటరు 300 రూపాయలనుకున్నా నాలుగు వేలు దాటదు. ఇంజిన్ పని ఖర్చుతో పోలిస్తే అది చిల్లరే!

చిక్కంతా ఇక్కడే. రింగులు అరిగిన ఇంజిన్ నూనె ఒక్కటే తాగదు. కంప్రెషన్ తగ్గుతుంది, లాగుడు తగ్గుతుంది, డీజిల్ ఎక్కువ కాలుతుంది. 4 కిలోమీటర్ల బండి మూడున్నరకు పడిపోయిందనుకోండి. అదే 3 వేల కిలోమీటర్లకు 107 లీటర్ల డీజిల్ అదనం. లీటరు 95 రూపాయల లెక్కన పది వేలు దాటింది! నూనె డబ్బా కంటికి కనిపిస్తుంది కాబట్టి దాన్ని తిట్టుకుంటారు. డీజిల్ ట్యాంకులో పోయేది కనిపించదు.

కోరుట్ల ఉస్తాద్ పరీక్ష

జగిత్యాల నుంచి కోరుట్లకు దాదాపు పాతిక కిలోమీటర్లు. 63వ నంబరు జాతీయ రహదారి. అటూ ఇటూ వరి, పసుపు పండే నేలలు. ఊళ్లలో అరుగుల మీద చాటలు ముందేసుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు. ఇంట్లో ఒకరైనా దుబాయ్‌కో, మస్కట్‌కో పోయి వచ్చిన కుటుంబాలు. దాణా బస్తాల లోడుతో లారీ ఎత్తు ఎక్కినప్పుడల్లా వెనక అద్దంలో పలుచని నీలి పొగ...

కోరుట్లలో బస్తాలు దించాక బండి రోడ్డు పక్క షెడ్డు ముందు ఆగింది. గడ్డం నెరిసిన మెకానిక్‌ను అందరూ ఉస్తాద్ అనే పిలుస్తారు.

"ఉస్తాద్, ఇంజిన్ ఇప్పుదామా?"

"గప్పుడే ఇంజిన్ ఎందుకు తమ్మీ? నూనె ఎటు పోతున్నదో ముందుగాల చూద్దాం. పోయే తొవ్వలు నాలుగున్నయి."

మొదటి తొవ్వ బయటికి. బండి కింద అట్టముక్క పరిచి, ఇంజిన్ కొంతసేపు నడిపించాడు. చాంబర్ ప్యాకింగ్ దగ్గర, క్రాంక్ వెనక సీలు దగ్గర చుక్కలు పడతాయేమోనని చూశాడు. చుక్కలున్నాయి కానీ అయిదు లీటర్ల పాపం వాటిది కాదు.

రెండోది పొగగొట్టం. నల్ల పొగ అంటే డీజిల్ సరిగా కాలడం లేదని. నాజిళ్లో, పంపో, గాలి జల్లెడో చూడాలి. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే నీళ్లు లోపలికి దిగుతున్నాయేమో చూడాలి. నీలి పొగైతే నూనె కాలుతున్నట్టే. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు గుప్పుమని వచ్చి ఆగిపోతే వాల్వు గైడ్లు, వాల్వు సీళ్ల మీద అనుమానం. ఎత్తు ఎక్కేటప్పుడు, లోడు మీద వస్తే రింగుల మీద అనుమానం. టర్బో ఉన్న బండైతే దాని సీళ్లు కూడా చూడాలి.

మూడోది బ్రీదరు. నడుస్తున్న ఇంజిన్‌కు నూనె పోసే మూత తీస్తే గుప్పుగుప్పుమని పొగ తన్నింది. పనివాళ్లు దీన్ని 'బ్యాక్ కంప్రెషన్' అంటారు. సిలిండర్‌లో మండిన గాలి రింగులు దాటుకుని కిందికి దిగుతోందన్నమాట. ఓనరు ముఖం వాడిపోయింది.

"రింగులు కొంత అరిగినయి. కాదంట లేను. కానీ అయిదు లీటర్లు తినేంత లేదు. టాంకీ ఇప్పు!"

టాంకీ అంటే డీజిల్ ట్యాంకు కాదు. బ్రేకులకు గాలి నిల్వ ఉండే సిలిండర్. క్లీనర్ కింద దూరి డ్రెయిన్ కాక్ తిప్పాడు. రావాల్సింది గాలి, మహా అయితే కాసిని నీళ్లు. బుసబుసమంటూ నల్లటి నూనె దూకింది!

దొంగ దొరికాడు. బ్రేకుల కంప్రెషర్ కూడా ఓ చిన్న ఇంజిన్ లాంటిదే. దానికీ పిస్టన్ ఉంటుంది, రింగులుంటాయి. దానికి కావాల్సిన నూనె పెద్ద ఇంజిన్ నుంచే వస్తుంది. దాని రింగులు అరిగితే నూనె గాలితో కలిసి టాంకీలో చేరుతుంది. పొగ రాదు, కింద చుక్క పడదు. గేజి పుల్ల మీద మాత్రం మట్టం తగ్గుతూనే ఉంటుంది.

దుమ్ము... నిలబడి మరిగే బండ్లు

మరి పెద్ద ఇంజిన్ రింగులు ఎందుకు అరిగాయి? ఉస్తాద్ గాలి జల్లెడ నుంచి ఇంజిన్‌కు వెళ్లే రబ్బరు గొట్టం వంచి చూపించాడు. మడత దగ్గర వేలెడు పగులు. జల్లెడ ఎంత మంచిదైనా ఈ పగులు లోంచి వచ్చే గాలిని వడగట్టేది ఎవరు? కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల బాట, వరి కోతల దుమ్ము, ధాన్యం పొట్టు... అన్నీ నేరుగా లైనర్లలోకి. అది ఆకురాయి పెట్టి గీరినట్టే.

రెండో కారణం నిలబడటం. ధాన్యం సీజన్‌లో కొనుగోలు కేంద్రాల దగ్గర, రైస్ మిల్లుల ముందు లారీలు వరసలు కడతాయి. గంటల తరబడి ఇంజిన్ ఆపకుండా ఉంచితే అది సరిగా వేడెక్కదు. మసి, జిగురు రింగుల గాళ్లలో పేరుకుని రింగులు బిగుసుకుపోతాయి. నూనెను గీకి కిందికి దించాల్సిన రింగు కదలడం మానేస్తుంది. ఆపై గేజి పుల్ల గీత దాటించి పోసే అలవాటొకటి! ఎక్కువ పోస్తే క్రాంక్ నూనెను చిలికి నురగ చేస్తుంది. అది బ్రీదర్ దారిన బయటికి పోతుంది. పోసినవాడేమో బండి తాగిందనుకుంటాడు.

దీనికి వ్యతిరేకమూ ఉంది. వారాల తరబడి నూనె తగ్గడమే లేదని మురిసిపోకూడదు. ఫీడు పంపో, నాజిలో కారి చాంబర్‌లో డీజిల్ కలుస్తుండవచ్చు. అప్పుడు మట్టం తగ్గదు, నూనె మాత్రం పలచబడి బేరింగులు పోతాయి.

"చిక్కటి నూనె పొయ్యి" అన్న సలహా సంగతి? కంపెనీ చెప్పిన గ్రేడు, మామూలుగా 15 డబ్ల్యూ 40, అదే పోయడం మంచిది. మరీ చిక్కటిది పోస్తే పొగ కొన్నాళ్లు తగ్గినట్టు కనిపిస్తుంది. కానీ పొద్దున చల్లటి ఇంజిన్‌లో పైదాకా చేరడానికి ఆలస్యం చేస్తుంది. ఆ కాసేపట్లోనే అరుగుదల ఎక్కువ.

ప్రాణాల మీదికి

కంప్రెషర్ విప్పుతూ ఉస్తాద్ అన్నమాట ఒకటే. "నూనె పోయింది పైసల్ తోని పోతది. బ్రేక్ పోతే?"

టాంకీలో చేరిన నూనె అక్కడే ఉండదు. గాలితో పాటు బ్రేకు వాల్వుల్లోకి వెళ్తుంది. లోపలి రబ్బరు వాచర్లు ఉబ్బి, మెత్తబడి, జిగురు పట్టి సమయానికి పని చేయవు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. ఆ దుర్ఘటన తర్వాత జగిత్యాల ప్రాంతంలో బ్రేకుల మాట వస్తే ఎవరూ నవ్వి వదిలేయరు.

పెద్ద ఇంజిన్ వైపు నుంచీ ప్రమాదం ఉంది. బ్యాక్ కంప్రెషన్ మరీ ముదిరినా, టర్బో సీలు పోయినా నూనె గాలిగొట్టంలోకి చేరుతుంది. డీజిల్ ఇంజిన్‌కు ఆ నూనే ఇంధనం! తాళం తిప్పినా ఆగదు, తనంతట తనే రేజ్ అవుతూ పోతుంది. అప్పుడు గాలి దారి మూసేయడమో, బ్రేకు తొక్కి పట్టి పెద్ద గేరులో క్లచ్ వదిలి ఇంజిన్‌ను ఆపేయడమో చేయాలి. చేతితో మూయబోతే చేయి పోతుంది.

సిరిసిల్లలో ఓ పాఠం

మధ్యాహ్నానికి కంప్రెషర్‌కు కొత్త రింగులు పడ్డాయి. గాలిగొట్టం మారింది. టాంకీలు, గొట్టాలు కడిగి, వాల్వుల్లో ఉబ్బిన వాచర్లు మార్చారు. లారీ దక్షిణానికి తిరిగింది. కథలాపూర్, రుద్రంగి, చందుర్తి దాటితే వేములవాడ. రాజన్న గుడి ముందు కోడె మొక్కు తీర్చుకునే భక్తుల సందడి. ఓనరు బండిలోంచే దండం పెట్టుకున్నాడు. అక్కడి నుంచి సిరిసిల్ల ఎంతో దూరం లేదు.

ఊళ్లోకి రాగానే సాంచెల చప్పుడు. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లతో రాష్ట్రమంతా పేరు మోగిన ఊరు. ఇక్కడా పాత యంత్రాలే, ఇక్కడా నూనే. సాంచెకు నూనె తక్కువైతే అరుగుతుంది, ఎక్కువైతే బట్ట మీద మరక పడి విలువ పోతుంది. అందుకే ఆసామి చేతిలో నూనె చుక్కకు లెక్క ఉంటుంది. లారీ ఎక్కించబోయే బట్ట బేళ్లను చూపిస్తూ గోదాము పెద్దాయన మొదట అడిగింది కిరాయి కాదు. "బండ్లె నూనె మరకలు లెవ్వు గదా బిడ్డా?"

చీకటి పడ్డాక టాంకీ డ్రెయిన్ మళ్లీ తిప్పారు. నాలుగు నీటి చుక్కలు రాలాయి. అంతే! ఇంజిన్ ఆపి పది నిమిషాలాగి, చదునైన చోట గేజి పుల్ల చూశారు. ఉస్తాద్ చెప్పినట్టు క్లీనర్ కొత్త నోటు పుస్తకంలో మొదటి పేజీ రాశాడు. తేదీ, కిలోమీటర్లు, పోసిన నూనె, పోసిన డీజిల్... నాలుగే గళ్లు.

2021లో కేంద్రం పాత వాహనాల తుక్కు విధానం తెచ్చింది. ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గితేనే పాత లారీకి రోడ్డు. నేడో రేపో ఈ బండి వంతూ వస్తుంది. అది ఓనరుకూ తెలుసు. కానీ ఆ రోజు ఎప్పుడన్నది భయం కాదు, లెక్క చెప్పాలి.

ఏప్రిల్ మూడో వారానికి పుస్తకం చెప్పిన లెక్క ఇదీ... వెయ్యి కిలోమీటర్లకు రెండున్నర లీటర్లు. అయిదులో సగం. మిగిలిన దాంట్లో ఎక్కువ వాటా రింగులది. వాటి పని మామిడి అయిపోయాక, వానలు పడ్డాక. అప్పుడు కిరాయిలు తగ్గుతాయి, షెడ్డులో బండి నిలబడినా నష్టం తక్కువ. అందాకా రోజూ పొద్దున టాంకీ వదలాలి, పుల్ల చూడాలి, పుస్తకంలో రాయాలి.

చల్‌గల్ మార్కెట్ గేటు దగ్గర మళ్లీ తెల్లవారింది. పెట్టెలు లోడయ్యాయి. క్లీనర్ పుల్ల తీసి తుడిచి, పెట్టి తీశాడు.

"గీత మీదనే ఉందన్నా!"

నూనె డబ్బా సీటు వెనకే ఉంది. మూత తీయాల్సిన పని పడలేదు.