ప్రళయకావేరి ఒడ్డున ఒక రాత్రి

కెనడాలో ఉండే మా తమ్ముడు ఏటా ఎండాకాలంలో టెంటు ఫోటోలు పంపిస్తాడు. ఒంటారియో సరస్సు, దాంట్లోంచి బయల్దేరే సెయింట్ లారెన్స్ నది, ఆ ఒడ్డున వరసగా నంబర్లేసిన జాగాలు. ఒక్కో జాగాకి ఒక బల్ల, మంట వేసుకోడానికి ఇనుప చట్రం. ప్రభుత్వ పార్కుల్లో ఐదు నెలల ముందునుంచే బుక్ చేసుకోవచ్చట. "మీకక్కడ ఇట్టాంటివి లేవు కదన్నా" అన్నాడు ఒకసారి.

నంబర్లేసిన జాగాలు లేవు, నిజమే. సరస్సు లేదంటే మాత్రం నేను ఒప్పుకోను. తొండియార్‌పేట స్టేషన్లో సూళ్లూరుపేట లోకల్ ఎక్కి తడలో దిగితే, తూర్పున కొంచెం దూరంలోనే పులికాట్ సరస్సు. మన దేశంలో చిల్కా తరవాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. దక్షిణాన ఆరణి నది, పడమర నుంచి కాళంగి నది వచ్చి కలుస్తాయి. సముద్రానికీ సరస్సుకీ మధ్య గోడలాగా శ్రీహరికోట. పళవేర్కాడులో డచ్చివాళ్ల సమాధులు చూసి, మధ్యాహ్నం చేపలు తిని తిరిగొచ్చేస్తారు మన చెన్నైవాళ్లు. నీళ్లలో ఎక్కువ భాగం ఆంధ్రాలో ఉందని చాలామందికి తెలీదు.

మా అమ్మమ్మకి ఈ సరస్సు పేరు పులికాట్ కాదు, ప్రళయకావేరి. ఆమె పుట్టిల్లు దుగరాజపట్నం దగ్గర. 1639లో మదరాసుకి రాకముందు ఇంగ్లీషు కంపెనీవాళ్లు కొట్టు పెట్టుకున్నది ఆ దుగరాజపట్నంలోనే, దాన్ని ఆర్మగాన్ అనేవాళ్లు. అక్కణ్ణించి వాళ్లూ మదరాసుకే వచ్చారు, మా అమ్మమ్మా మదరాసుకే వచ్చింది. ఆమె వచ్చింది 1958లో, పెళ్లయిన పదో రోజు, సవుక్కు కట్టెలు వేసుకొచ్చే పడవలో.

పడవ అంటే బకింగ్‌హామ్ కాలవలో. మన ఇళ్ల పక్కన నల్లగా కంపు కొట్టే ఆ కాలవే. 1806లో మదరాసు నుంచి ఎన్నూరు దాకా తవ్వారు, తరవాత ఉత్తరానికి సాగదీశారు. 1876-78 ధాత కరువులో కూలి పనిగా ఇంకొంత తవ్వించారు, అప్పటి గవర్నరు పేరు పెట్టారు. కట్టెలు, ఉప్పు, ధాన్యం అన్నీ దీంట్లోనే వచ్చేవి. కాలవలో ఉన్నంతసేపు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవని లాగేవాళ్లట. సరస్సులోకొస్తే గట్టుండదు, తెరచాపే దిక్కు. గాలి పడిపోతే ఎక్కడో ఒకచోట ఒడ్డుకి చేర్చి, వండుకుని, రాత్రికి అక్కడే పడుకోవడం. అమ్మమ్మ అట్టా ఒక రాత్రి పడుకుంది. దాని గురించి మాకు చెప్పినన్ని సార్లు పెళ్లి గురించి కూడా చెప్పలేదు.

ఈ మధ్య ఆమెకి మతిమరుపు మొదలైంది. మందులేసుకుంది లేనిది గుర్తుండదు. ఆ రాత్రి గురించి చెబుతుంటే మామ "కావేరి శ్రీరంగంలో కదమ్మా, నీకు అన్నీ కలిసిపోతున్నాయి" అనేవాడు. ఆమె మాట ఆపేసేది. అది నాకు బాధగా ఉండేది. ఆ పేరు నిజమే, స.వెం. రమేశ్ గారి ప్రళయకావేరి కథలు ఈ సరస్సు గురించే అని నాకు తెలుసు. కానీ పుస్తకం పేరు చెప్తే మామకి సరిపోదు. మనిషి నోటినుంచి వినాలి.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగు. ఎవరైనా ఇది తప్పంటే, నేను ముందు చేసేది అదే పని మళ్లీ చేసి చూడటం. కాబట్టి అమ్మమ్మ చెప్పినవి నాలుగు ముక్కలు కాగితం మీద రాసుకున్నాను. సరస్సు పేరు ప్రళయకావేరి. నీళ్ల మధ్యలో ఇరకం అనే ఊరు. వానాకాలం నీళ్లు తియ్యగా, ఎండాకాలం చేదుగా ఉంటాయి. పడవ ఆగినచోట రాతి మెట్లు. డిసెంబర్లో ఒక రాత్రి అక్కడ గడుపుదాం అంటే ఇంట్లో పెద్ద గొడవే అయింది. "ఈ వయసులో ఆమెని చలిగాలిలో పడుకోబెడతావా?" అంది అత్త. "పిలకాయలు పడుకుంటే నేనూ పడుకుంటా" అంది అమ్మమ్మ. చివరికి మామే కారు తీశాడు.

బావా నేనూ లోకల్లో వెళ్లాం. బావ తొండియార్‌పేటలో పుట్టి పెరిగాడు, తెలుగు గలగలా మాట్లాడతాడు, చదవడం రాదు. నేను కోలారులో కన్నడ మీడియం. తలకట్టు కాస్త మారితే తెలుగు అక్షరాలు మా అక్షరాలే. ఆరంబాక్కం దాటి బోర్డులు తెలుగులోకి మారగానే చదవడం నా పని, దారి అడగడం బావ పని. ఇద్దరం కలిస్తే ఒక తెలుగువాడు.

బి.వి. పాళెంలో పడవల రేవు దగ్గర, సాయంత్రం, వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన్ని అమ్మమ్మే పలకరించింది. "ఇరకం యాడుంది నాయనా?" ఆయన చెయ్యి చాపి నీళ్లలోకి చూపించాడు. "అదో, ఆ చెట్లు కనపడ్తన్నయ్యే, అదే ఇరకం. ప్రళయకావేరిలో పెద్ద దిబ్బ గదా అది." మామ నా వైపు చూళ్లేదు. కాసేపాగి, "ఏం చలిగా ఉందా అమ్మా?" అని తన శాలువా తీసి ఆమెకి కప్పాడు.

నీళ్ల రుచి కూడా ఆమె చెప్పిందే నిజం. వానలకి ఏటి నీళ్లు వచ్చి పడతాయి, వేసవిలో ఎండిపోయి సముద్రం కన్నా ఉప్పెక్కుతాయి. రాతి మెట్లు మాత్రం దొరకలేదు. పెద్దాయన చాలాసేపు ఆలోచించాడు. కాలవ అంతా పూడిపోయింది, తుఫాన్లకి గట్లు కొట్టుకుపోయినాయి, ఆ పక్కకి పడవ పోదు అన్నాడు. అమ్మమ్మ "పోన్లే, ఉంటే ఉంటయ్యి" అంది. నా కాగితంలో ఆ ఒక్కటీ అట్టాగే ఉంది.

మకాం రేవు పక్కనే, తెలిసినవాళ్ల సవుక్కు తోటలో. పిల్లలకి టెంటు, పెద్దవాళ్లకి నవారు మంచాలు. కట్టెల పొయ్యి మీద మడవ చేపల పులుసు. ఉప్పు సరిపోయిందా లేదా అని అత్త రుచి చూపిస్తే, అమ్మమ్మ మామిడికాయ ముక్క వెయ్యాల్సింది అంది. ఆ రాత్రి ఆమె మాట ఎవరూ అడ్డుకోలేదు. గాలి పడిపోతే పడవవాళ్లు ఎట్టా ఈలేసి పిలిచేవాళ్లో వేసి చూపించింది. మామ ఏడేళ్ల మనవరాలికి తమిళమే ఎక్కువ వచ్చు. అర్థమైందో లేదో గానీ ఈల మాత్రం నేర్చుకుంది, తెల్లారేదాకా మమ్మల్ని పడుకోనివ్వలేదు.

పొద్దున్నే నీళ్లలో దూరంగా గులాబీ రంగు గీత. ముందు మబ్బనుకున్నాం. ఫ్లెమింగోలు, వందల్లో. లోతు తక్కువ కాబట్టి సరస్సు మధ్యలో కూడా నిలబడి తింటాయి.

వెళ్లాలనుకునేవాళ్లకి రెండు మాటలు. నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం, ఎండాకాలం వద్దు. చాలా భాగం పక్షుల అభయారణ్యం, అక్కడ టెంటూ మంటా రెండూ కుదరవు. ఊళ్లో పెద్దవాళ్లని అడిగి, వాళ్లు చూపిన జాగాలోనే దిగండి. తాగే నీళ్లు ఇంటినుంచే తీసుకెళ్లండి. రాకెట్ వదిలే రోజుల్లో ఆంక్షలుంటాయి, ముందే కనుక్కోండి. నేలపట్టులో గూడబాతులు చూడాలంటే మరో పూట పెట్టుకోవాలి, మాకు కుదరలేదు. దోమతెర మర్చిపోకండి.